నొప్పికి రసీదు ఉండదు

యాక్సిడెంట్ కేసులో డబ్బులొచ్చాయని ఎవరైనా చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "హాస్పిటల్ ఖర్చులన్నీ వచ్చాయా?" అని. రెండోది "లాయర్‌కి ఎంత పోయింది?" అని. నెలల తరబడి మంచం మీద పడి ఉన్న మనిషి పడ్డ నొప్పికి ఎంత కట్టారు అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. అసలు దానికి కూడా డబ్బులిస్తారన్న సంగతే చాలామందికి తెలియదు. ఇస్తారు. సుప్రీంకోర్టు తీర్పుల్లో దానికంటూ ఒక పద్దు ఉంది. మీ ఇంట్లో ఎవరిదైనా కేసు నడుస్తుంటే ఆ పిటిషన్ తీసి చూడండి, ఏదో ఒక మూల "పెయిన్ అండ్ సఫరింగ్" అని ఒక లైను టైపు చేసే ఉంటుంది. ఆ ఒక్క లైను గురించే ఈ పోస్టు. నేను లాయర్ని కాను. మా చిన్నమ్మ కేసు వెంట తిరిగినప్పుడు కోర్టులో చూసింది, తీర్పులు తెచ్చుకుని చదివింది, తెలిసిన లాయర్లను విసిగించి తెలుసుకుంది రాస్తున్నాను. మీ కేసుకి సలహా మాత్రం మీ లాయర్ దగ్గరే తీసుకోండి.

ముందు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో 168వ సెక్షన్ ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం కేసులు వినే కోర్టు) "న్యాయమైన పరిహారం" ఇవ్వాలంటుంది. ఏ గాయానికి ఎంత అన్నది అందులో ఉండదు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ల కేసుల్లో లెక్క ఎలా కట్టాలో 2010 అక్టోబర్‌లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది, ఇప్పటికీ ప్రతి ట్రిబ్యునల్ దాన్నే ముందు పెట్టుకుంటుంది. జేబులోంచి పోయినవి ఒక వైపు: వైద్యం, మందులు, రాకపోకలు, బలమైన తిండి, పని మానేసిన నెలల సంపాదన, వైకల్యం వల్ల ముందుముందు తగ్గిపోయే సంపాదన, ఇక మీదట చేయించుకోవాల్సిన వైద్యం. డబ్బుతో కొలవలేనివి ఇంకో వైపు: నొప్పి, బాధ, మనసుకి తగిలిన దెబ్బ ఒక పద్దు, మామూలు జీవితంలోని సుఖాలు, సరదాలు పోవడం, పెళ్లి సంబంధాలు తప్పిపోవడం ఇంకో పద్దు, ఆయుష్షు తగ్గడం మూడోది. మామూలు గాయాల కేసుల్లో వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, నొప్పి, ఈ మూడే ఇవ్వాలనీ, మిగతావి కావాలంటే గాయం తీవ్రంగా ఉండి డాక్టర్ సాక్ష్యం దాన్ని బలపరచాలనీ ఆ తీర్పు చెబుతుంది. అంటే ఎంత చిన్న కేసులోనైనా నొప్పి పద్దు ఉండి తీరాలి. అంత ముఖ్యమైన దాని గురించి కోర్టులో ఎవరూ రెండు నిమిషాలు కూడా మాట్లాడకపోవడమే నా బాధ.

మా చిన్నమ్మ దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తుంది. జాకెట్లు, ఫాల్స్, పిల్లల గౌన్లు. లైనింగ్ గుడ్డ కొనుక్కుని షేర్ ఆటోలో ఇంటికొస్తుంటే పక్క సందులోంచి స్పీడుగా వచ్చిన కారు ఆటోను గుద్దింది. ఆటో బోల్తా పడింది, ఆమె కుడికాలు దాని కింద ఇరుక్కుంది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. అలాంటి గాయంలో మట్టి, నూనె పోయి ఉంటాయి కాబట్టి వెంటనే లోపల రాడ్ వేయలేమన్నారు. బయటి నుంచే ఎముకలోకి పిన్నులు దింపి, వాటిని కడ్డీలతో బిగించి, పుండు మానేదాకా అలాగే ఉంచి పంపారు.

పిన్నుల కాలు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. రోజూ పొద్దున ప్రతి పిన్ను చుట్టూ శుభ్రం చేయాలి. రాత్రి ఊరిన రసి ఎండి చర్మానికి అతుక్కుపోయి ఉంటుంది. సెలైన్‌తో తడిపి, మెత్తబడేదాకా ఆగి, దూదితో కొద్దికొద్దిగా తీయాలి, తొందరపడితే చర్మం లేచి వస్తుంది. పై వాటాలో అద్దెకున్నవాళ్లకు వినపడకూడదని ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకునేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది, అందుకని కాలి మీద ఒక అట్టపెట్టె బోర్లించి దానిపైన దుప్పటి కప్పేవాళ్లం. రాత్రి రెండింటికి, మూడింటికి లేచి కూర్చునేది. మాత్ర వేసుకుని నాలుగ్గంటలు కాకముందే ఇంకోటి అడిగేది, డాక్టర్ వద్దన్నాడని మేం ఇచ్చేవాళ్లం కాదు. అన్నింటికంటే నన్ను కదిలించింది ఇంకో సంగతి. కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టడానికి పగలంతా ఇంట్లో ఉండేది కొడుకే, పెళ్లీడుకొచ్చిన పిల్లాడు. వాడిని అడగలేక ఆమె నీళ్లు తాగడమే తగ్గించేసింది. కొన్నాళ్లకు మూత్రంలో మంట, చలిజ్వరం, మళ్లీ హాస్పిటల్. ఆ అడ్మిషన్‌కి బిల్లు ఉంది, ఫైల్లో పెట్టాం. ఆమె అన్ని రోజులు దాహంతో ఎందుకు ఉండిపోయిందో చెప్పే కాగితం మాత్రం ఏ మెడికల్ షాపువాడూ ఇవ్వడు.

ఇక కోర్టు. మన దగ్గర ఈ కేసుల్ని ఎం.వి.ఓ.పి. (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. పురానీ హవేలీ అయినా ఎల్‌బీ నగర్ అయినా ఏ కోర్టు కారిడార్‌లో నిలబడ్డా ఊతకర్రలతో, చేతికి కట్లతో వచ్చినవాళ్లు కనిపిస్తారు. సాక్ష్యం ఇచ్చేటప్పుడు మొదట చీఫ్ అఫిడవిట్ వేస్తారు, అంటే మనం చెప్పాల్సింది లాయర్ ముందే టైపు చేసి మన సంతకంతో దాఖలు చేస్తాడు. చిన్నమ్మ అఫిడవిట్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరుంది, కారు నంబరుంది, పాలసీ నంబరుంది, బిల్లుల మొత్తం పైసలతో సహా ఉంది. నొప్పి గురించి ఉన్నది ఒకే వాక్యం: తీవ్రమైన నొప్పి, బాధ అనుభవించాను అని. తర్వాత కుతూహలం కొద్దీ ఇంకో ఇద్దరి అఫిడవిట్లు చూశాను, అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం. ఒకాయనకి చేతివేలు విరిగింది, ఇంకొకామెకి తుంటి ఎముక.

తర్వాత క్రాస్, అంటే అవతలి లాయర్ అడిగే ప్రశ్నలు. ఇన్సూరెన్స్ తరఫు లాయర్ మర్యాదస్తుడే, గొంతు కూడా పెంచలేదు. "ఇప్పుడు నడుస్తున్నారు కదమ్మా?" అన్నాడు. "నడుస్తున్న సార్." "కోర్టుకి ఎలా వచ్చారు?" "ఆటోల వచ్చిన." "నొప్పి తగ్గిందా?" చిన్నమ్మ జడ్జిగారి వైపు చూసి, చేతులు కట్టుకుని, "పర్వాలేదు సార్, ఇప్పుడు జర నయమే" అంది. పెద్దమనుషుల ముందు నొప్పి నొప్పి అని ఏడవడం మర్యాద కాదని ఆమె నేర్చుకున్న పద్ధతి అది. హాస్పిటల్ రౌండ్స్‌లో డాక్టర్ అడిగినా అదే చెప్పేది. వాంగ్మూలంలో మాత్రం తాను నడవగలుగుతున్నమాట, నొప్పి తగ్గినమాట నిజమే అని ఎక్కింది. చివర్లో మామూలుగా అడిగే సూచనలు, అంటే మీరు చెప్పేది నిజం కాదు కదా అన్న తరహా ప్రశ్నలు అడిగారు, పరిహారం కోసం గాయాల్ని ఎక్కువ చేసి చెబుతున్నానన్నది నిజం కాదు అని రాసుకున్నారు, ఆమె వేలిముద్రలాంటి వంకర సంతకం పెట్టింది, అయిపోయింది. ఇంటికొచ్చాక "గట్ల చెప్పినవేంది చిన్నమ్మా?" అంటే "ఏం చెప్పాలె బిడ్డా, అంతమంది మగోళ్ల ముందర ఉచ్చకు పోయే ముచ్చట చెప్తనా?" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

తీర్పు వచ్చినప్పుడు చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. సంపాదన నష్టం దగ్గర జడ్జిగారు ఎంతో ఓపికగా లెక్క కట్టారు, ఎందుకంటే అక్కడ లెక్కకి దారి ఉంది. ఊరికే ఒక ఉదాహరణ చెప్తాను. 44 ఏళ్ల మనిషి, సొంత పని, నెలకు 12,000 సంపాదన అనుకోండి. ఏడాదికి 1,44,000. 40 నుంచి 50 ఏళ్ల మధ్యవాళ్లకి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది, అది మరణాల కేసు. గాయాల కేసులకు కూడా ఆ పద్ధతి వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కలిపితే 1,80,000. ఆ వయసుకి 2009 సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం (వయసును బట్టి ఏడాది సంపాదనని ఎన్నింటితో గుణించాలో చెప్పే అంకె) 14, గుణిస్తే 25,20,000. వైకల్యం వల్ల పని చేసే శక్తి 20 శాతం పోయిందని తేలితే అందులో ఐదో వంతు, అంటే 5,04,000. కూడికలు, గుణకారాలు, ఎవరు చేసినా అంతే వస్తుంది.

నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఉండదు. మన రాష్ట్రంలో తీర్పులు చదివితే ఒక అలవాటు కనిపిస్తుంది. వూండ్ సర్టిఫికెట్‌లో (గాయాల గురించి డాక్టర్ రాసిచ్చే కాగితంలో) ఎన్ని పెద్ద గాయాలున్నాయి, ఎన్ని చిన్నవి అని చూసి, ఫ్రాక్చర్‌కి ఇంత, గీరుకుపోయినదానికి ఇంత అని వేసి కూడేస్తారు. చిన్నమ్మకి రెండు ఫ్రాక్చర్లు కాబట్టి రెండు రెట్లు. మొత్తం పరిహారంలో పదో వంతు కూడా రాలేదు ఆ పద్దు కింద. ఒకే ఎముక విరిగినా ఒకరికి పట్టీ వేసి పంపిస్తారు, ఆరు వారాల్లో లేచి తిరుగుతారు. ఇంకొకరికి పిన్నులు, చీము, మళ్లీ ఆపరేషన్, స్కిన్ గ్రాఫ్టింగ్. లెక్కలో రెండూ ఒక ఫ్రాక్చరే. నొప్పి ఎన్నాళ్లు ఉంది, రాత్రుళ్లు నిద్ర పట్టిందా, ఎన్నిసార్లు ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు, ఎవరి సాయం లేకుండా ఏది చేసుకోలేకపోయారు, ఇవి అడగకుండా ఎముకలు లెక్కపెట్టడం నాకు న్యాయంగా తోచదు. జడ్జిల తప్పనీ అనను. వాళ్ల ముందున్న ఫైల్లో ఎముకల సంఖ్య ఉంటుంది, రాత్రుల సంగతి ఉండదు.

ఫైల్లో ఉంటే పై కోర్టులు చూస్తాయి. 2007లో పన్నెండేళ్ల పాప ట్రాక్టర్ మీద వెళ్తుంటే లారీ గుద్దింది, మెదడు దెబ్బతిని పసిపిల్ల స్థాయిలో ఉండిపోయింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పాపకి నొప్పి, బాధ, జీవితంలో కోల్పోయిన సుఖాలు కలిపి ఆ పద్దు కిందే 15 లక్షలు ఇచ్చింది. జీవితాంతం ఇద్దరు మనుషులు చూసుకోవాలి కాబట్టి వాళ్ల జీతాన్ని కూడా గుణకం పద్ధతిలో కట్టింది. మొత్తం 62 లక్షలు దాటింది. 2024 నవంబర్‌లో ఇంకో తీర్పు, 90 శాతం వైకల్యంతో జీవితమే తలకిందులైన ఉద్యోగి కేసు, అందులో నొప్పి, బాధకే విడిగా 15 లక్షలు. పిల్లల కేసుల్లో అయితే 2013లో సుప్రీంకోర్టు నొప్పి, షాక్, అసౌకర్యం అన్నీ కలిపి ఒక మెట్ల వరసే ఇచ్చింది: వైకల్యం 10 శాతం లోపైతే లక్ష, 30 వరకు 3 లక్షలు, 60 వరకు 4, 90 వరకు 5, ఆపైన 6 లక్షలు. ఆ తర్వాత ఏడేళ్లకే ఆ పాపకి 15 లక్షలు ఇచ్చారంటే ఆ మెట్లు గరిష్ఠ పరిమితి కాదనే కదా.

ఇవి చాలా తీవ్రమైన కేసులని నాకు తెలుసు, కాలు విరిగిన ప్రతివాళ్లకీ లక్షలు రావు, రావాలని కూడా అనడం లేదు. ఈ తీర్పుల్లో జడ్జిలు ఆ మనుషుల జీవితం ఎలా ఉందో పేరాలకు పేరాలు రాశారు, ఆ తర్వాతే అంకె వేశారు. కింది కోర్టుల్లో ఒక్క పేరా చాలు, అదైనా ఉండాలంటాను.

అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు ఒకడు ఫోన్‌లో "అక్కడ హాస్పిటల్ బిల్లుని రెండు మూడు రెట్లు చేసి అడుగుతారు, మీరూ అలాగే అడగండి" అన్నాడు. అక్కడ ఇన్సూరెన్స్ వాళ్లతో బేరానికి కూర్చున్నప్పుడు అలాంటి లెక్కలు వాడతారు, నిజమే. ఆ పద్ధతి మన దగ్గరికి రాకూడదని గట్టిగా కోరుకుంటాను. ఎందుకంటారా, గాంధీలోనో ఉస్మానియాలోనో చేరినవాళ్లకి, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లకి బిల్లు ఎంతుంటుంది? కార్పొరేట్ హాస్పిటల్ ఏసీ గదిలో ఉన్నవాళ్ల కాలు కన్నా జనరల్ వార్డులో మంచం దొరక్క కింద పరుపు మీద పడుకున్నవాళ్ల కాలు తక్కువ నొప్పి పెడుతుందా? బిల్లుతో నొప్పిని గుణిస్తే పేదవాడి నొప్పి సున్నా అవుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎముక విరగకపోతే వూండ్ సర్టిఫికెట్ మీద "సింపుల్" అని రాసేస్తారు, దాంతో పరిహారం బాగా తగ్గిపోతుంది. కానీ తీవ్రమైన గాయం అంటే ఏమిటో చెప్పే భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఎముక విరగడం ఒక్కటే లేదు. 15 రోజుల పాటు తీవ్రమైన శరీర నొప్పితో ఉన్నా, ఆ రోజుల్లో మామూలు పనులు చేసుకోలేకపోయినా అది కూడా తీవ్రమైన గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులుండేది, 2024 జులై నుంచి 15 చేశారు. నడుము పట్టేసి, లిగమెంట్ తెగి, ఎక్స్‌రేలో ఏమీ కనపడక మూలుగుతున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. డాక్టర్‌కి చెప్పి, ఎంఆర్‌ఐ తీయించి, ఎన్నాళ్లు పనికి వెళ్లలేకపోయారో కాగితం మీద రాయించుకోండి.

కాగితం అన్నాను కాబట్టి అసలు పనికొచ్చేది చెప్తాను. నొప్పికి రసీదు ఉండదు, కానీ జాడలుంటాయి. హాస్పిటల్‌లో నర్సులు పూటపూటకీ వచ్చి "నొప్పి పదికి ఎంత?" అని అడిగి చార్టులో రాసుకుంటారు చూశారా, ఆ అంకెలు కేస్ షీట్‌లో ఉంటాయి. ఏ రాత్రి ఎన్నింటికి నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారో కూడా ఉంటుంది. మనకి ఇంటికి ఇచ్చేది డిశ్చార్జ్ సమ్మరీ మాత్రమే, రెండు మూడు పేజీలు. కేస్ షీట్ మొత్తం కాపీ కావాలని రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, 2002 నుంచి. అడగండి. ఇంటికొచ్చాక ఎవరో ఒకరు చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి రెండు లైన్లు రాస్తే చాలు, ఈ రాత్రి పడుకోలేదు, ఇవాళ డ్రెస్సింగ్‌కి అరిచింది, ఫిజియోథెరపీలో మోకాలు ఇంతవరకే వంగింది అని. ఫోన్‌లో ఫోటోలు తీసిపెట్టండి, పిన్నులతో ఉన్న కాలు ఫోటో ఒక్కటి ఎంత చెబుతుందో మూడు పేజీల అఫిడవిట్ చెప్పలేదు. చూసుకున్న మనిషిని సాక్షిగా వేయించండి. దెబ్బ తగిలిన మనిషి సిగ్గుపడి చెప్పనిది పక్కన ఉన్నవాళ్లు చెప్పగలరు. డాక్టర్ సాక్ష్యానికి వచ్చినప్పుడు వైకల్యం ఎంత శాతం అని మాత్రమే అడిగి పంపేస్తారు. ఇలాంటి గాయంలో నొప్పి ఎన్ని నెలలు ఉంటుంది, చలికాలంలో, మెట్లెక్కేటప్పుడు ఇక మీదట కూడా ఉంటుందా అని ఆయన్నే అడిగించండి. అలాగే వైకల్యం సర్టిఫికెట్ వైద్యం చేసిన డాక్టర్‌దో మెడికల్ బోర్డుదో అయి ఉండాలి. అడిగినవాళ్లకల్లా రాసిచ్చేవాళ్ల సర్టిఫికెట్లని అనుమానంగా చూడమని రాజ్‌కుమార్ తీర్పులోనే ఉంది, అలాంటిది ఒకటి ఫైల్లో ఉంటే మిగతా నిజం కూడా పలచబడుతుంది.

శాతం విషయంలో ఇంకో ముక్క. కాలు 40 శాతం పాడైతే మనిషి 40 శాతం పాడైనట్టు కాదు, ఆ పని మీద బతికే మనిషికి ఎంత నష్టమో చూడాలి. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్, కార్పెంటర్ దాదాపు పూర్తిగా బతుకుతెరువు పోగొట్టుకుంటారు, గుమాస్తా ఉద్యోగం మాత్రం నిలబడొచ్చు. అప్పుడు సంపాదన నష్టం ఇవ్వకపోయినా సుఖాల నష్టం కింద ఇవ్వొచ్చు. ఇది కూడా ఆ తీర్పులో ఉన్నదే. చిన్నమ్మ కుడికాలితో మిషన్ తొక్కుతుంది. మోటారు పెట్టుకోవచ్చు కదా అన్నారు. పెట్టుకుంది. మోటారు పెడల్ కూడా కుడి పాదంతోనే నొక్కి పట్టాలి, ఆ చీలమండ సరిగ్గా వంగదు, వేగం అదుపులో ఉండక కుట్టు పక్కకి పోతుంది. జాకెట్ మెడ దగ్గర కుట్టు పక్కకి పోతే ఆ కస్టమర్ మళ్లీ రాదు. ఇది సంపాదన లెక్కలోకి వెళ్తుంది. బతుకమ్మ రోజు అందరూ చుట్టూ తిరిగి ఆడుతుంటే ఆమె కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతుంది, కింద మఠం వేసుకుని కూర్చోలేక పెళ్లిళ్లలో పీటల దాకా వెళ్లదు. ఇది సుఖాల పద్దు. రాత్రుళ్లు కాలు లాగుతుంటే గోడకి ఆనించి కూర్చోవడం నొప్పి పద్దు. మూడూ వేరు వేరు, ఒకటి ఇచ్చాం కదా అని ఇంకోటి ఎగ్గొట్టకూడదు.

గడువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని ఉంది, కట్టు విప్పాక చూద్దాంలే అని కూర్చోవద్దు. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలి, స్టేషన్‌లో దాని గురించి అడుగుతూ ఉండండి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉంటున్న చోట కూడా కేసు వేసుకోవచ్చు. గుద్దిన బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి ప్రభుత్వ పథకం కింద 50,000 వస్తుంది.

జాగ్రత్తగా చూడాల్సింది మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్. తప్పెవరిదో రుజువు చేయక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇస్తారు, వినడానికి బాగుంటుంది, డబ్బు అవసరంలో ఉన్నవాళ్లకి మరీ. కానీ ఆ దారిలో ఒప్పుకుని తీసుకుంటే 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారానికి వేసిన కేసు అక్కడితో రద్దైపోతుంది. నొప్పి పద్దు, సంపాదన పద్దు అన్నీ అందులోనే కలిసిపోయినట్టు. చిన్న గాయానికి అదే మేలు కావచ్చు, జీవితాంతం కుంటాల్సిన కాలికి ఎంతమాత్రం కాదు. లోక్ అదాలత్ కూడా అంతే, అక్కడ రాజీ పడితే పైకి అప్పీలు ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఒక మొత్తం చెబుతారు, పద్దులవారీగా విడదీసి చెప్పరు. చిన్నమ్మకి కూడా అలా ఒక అంకె చెప్పారు, "ఇందులో నొప్పికి ఎంత వేశారు సార్?" అని నేనడిగితే టేబుల్ అవతల ఉన్నాయన కాసేపు నా వంక చూసి, "అన్నీ కలిపే అమ్మా" అన్నాడు. మేం ఒప్పుకోలేదు. అప్పుల్లో మునిగి ఒప్పుకున్నవాళ్లని నేనేమీ అనను, కేసు ఏళ్ల తరబడి నడుస్తుంటే ఫిజియోథెరపీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఒప్పుకునేముందు ఆ ప్రశ్న ఒకసారి అడగండి, అంతే.

ఇప్పుడు చిన్నమ్మ కేసు హైకోర్టులో ఉంది, పరిహారం పెంచమని అప్పీలు. తీర్పు వచ్చిన 90 రోజుల్లో వేయాలి, వేశాం. పిటిషన్‌లో అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వడం న్యాయమనిపిస్తే ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2002లోనే నాగప్ప కేసులో చెప్పింది కాబట్టి అప్పట్లో తక్కువ అడిగామన్న భయం కూడా లేదు. కేస్ షీట్ కింది కోర్టులోనే ఎగ్జిబిట్‌గా మార్క్ అయి ఉంది, ఎవరూ తెరిచి చదవలేదంతే. కొత్త లాయర్ అమ్మాయి దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని, నర్సులు రాసిన నొప్పి అంకెలు, రాత్రి ఇంజెక్షన్ల టైములు, మూత్రం ఇన్ఫెక్షన్‌తో మళ్లీ చేరిన తేదీ, అప్పుడు డ్యూటీ డాక్టర్ రాసిన "నీళ్లు తక్కువ తాగుతున్నారు" అన్న మాట, అన్నీ వరసగా అప్పీలు కారణాల్లో పెట్టింది. సంతకానికి ముందు ఆ పేరా మొత్తం చిన్నమ్మకి తెలుగులో చదివి వినిపించింది. చిన్నమ్మ విని "ఫిజియో పిల్లగాడు మోకాలు వంచినప్పటి సంగతి రాయలే" అంది. అది కూడా చేర్చాం.